ఆపరేషన్ కాన్పు: ఒంటెను కట్టి, అల్లాహ్‌పై భారం వేద్దాం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మాతృగర్భంలోని మూడు చీకట్ల మధ్య మనకు రూపమిచ్చినవాడు ఆయనే. మనల్ని వెలుగులోకి తెచ్చినవాడూ ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి శుభాలు వర్షించుగాక!



కోటబొమ్మాళిలోని ఒక ముస్లిం ఇంటిని మనసులో ఊహించుకుందాం. ఈ ప్రాంతంలో మన ఇళ్లు కొద్దిగానే ఉంటాయి. ఆ ఇంటి కోడలికి తొమ్మిదో నెల వచ్చింది. మొదటి కాన్పు ఆపరేషనే. ఈసారి మాయ కిందికి ఉందని స్కానింగులో తేలింది. “నొప్పులు వచ్చేదాకా ఆగితే తల్లికి ప్రమాదం, ముందుగానే తేదీ పెట్టుకుందాం” అన్నారు డాక్టరమ్మ. ఇంటికి రాగానే మాటలు మొదలయ్యాయి. “మా రోజుల్లో ఎనిమిది మందిని ఇంట్లోనే కన్నాం, ఈ కోతలెక్కడివి?” అని ఒక పెద్దావిడ అంది. “ఆ తేదీ మంచిది కాదట, రెండు వారాలు ముందుకు జరపమని అడగండి” అని పొరుగింటి సలహా. “సఫర్ నెల కదా, పదమూడు రోజులు పోనివ్వండి” అని మరో బంధువు. “డబ్బు ఎక్కడ తేవాలి?” అని భర్త దిగులు. ఆ అమ్మాయి మాత్రం కడుపు మీద చెయ్యి వేసుకుని మూలన కూర్చుని అన్నీ వింటోంది. నీకు భయంగా ఉందా అని ఆమెను అడిగినవారు ఒక్కరూ లేరు.

ఇలాంటి ఇల్లు కోటబొమ్మాళిలోనే కాదు, మన ఊళ్లన్నిటిలోనూ ఉంది. ఇలాంటి సమయంలో మన ధర్మం మన నుండి ఏమి కోరుతున్నదో ఈ నెల ఆలోచిద్దాం.

ఆపరేషన్ విశ్వాసంలో లోపమా?

కొందరు తల్లులు ఆపరేషన్ అనగానే తామేదో తక్కువైనట్లు కుంగిపోతారు. చుట్టూ ఉన్నవారు కూడా “కష్టపడకుండా కన్నది” అని తేలిగ్గా మాట్లాడతారు. దివ్యఖుర్ఆన్ తల్లి హక్కును గుర్తుచేస్తూ, ఆమె బలహీనతపై బలహీనతను భరించి బిడ్డను మోసిందనీ, కష్టంతోనే కన్నదనీ తెలియజేసింది (31:14, 46:15). కాన్పు ఏ దారిన జరిగిందన్న షరతు అక్కడ లేదు. తొమ్మిది నెలలు మోసి, కడుపు మీద కోత పెట్టించుకుని, ఆ కోతతోనే బిడ్డకు పాలిచ్చే తల్లి కష్టం ఎవరి కష్టానికీ తీసిపోదు.

హజ్రత్ మర్యమ్ (అలై) ఉదంతం చూడండి. ప్రసవ వేదన ఆమెను ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరికి చేర్చింది. ఇంతకు ముందే తాను చనిపోయి ఉంటే బాగుండేదని ఆమె వాపోయింది. అల్లాహ్ ఆ మాటకు ఆమెను మందలించలేదు. దుఃఖించవద్దని ఊరడించాడు. కాళ్ల కింద నీటి ఊట పుట్టించాడు. చెట్టు మొదలును కదిలించమనీ, పండ్లు రాలుతాయనీ తెలియజేశాడు (19:23-26). పురిటి నొప్పుల్లో ఉన్న స్త్రీ ఖర్జూరపు మానును కదిలించగలదా? అయినా చేతనైనంత ప్రయత్నం చేయమని ఆదేశం వచ్చింది. పండ్లు రాల్చేది అల్లాహ్. చెయ్యి వేయవలసింది మాత్రం మనిషే.

ఒంటెను కట్టి భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు (తిర్మిజీ). రోగాలకు చికిత్స చేయించుకోమని కూడా ఆయన ఆదేశించారు (అబూదావూద్). కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు మస్జిదె నబవీ ఆవరణలోనే గుడారం వేయించారు. గాయపడిన వారికి సేవచేసిన హజ్రత్ రుఫైదా (రజి) పేరు ఆ గుడారంతో ముడిపడి మన చరిత్రలో నిలిచిపోయింది. తల్లి మరణించి, కడుపులో బిడ్డ కదులుతున్నట్లయితే కడుపు కోసి బిడ్డను కాపాడాలని మన ధర్మవేత్తలు శతాబ్దాల కిందటే తీర్పు చెప్పారు. ఒక్క ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవులనూ కాపాడటమేనన్న ఖుర్ఆన్ బోధనే (5:32) దానికి ఆధారం. నేడు అల్లాహ్ దయవల్ల ఆ కోతతో తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ కాపాడే విద్య మనిషికి అందింది. దాన్ని కాదనడం తవక్కుల్ అనిపించుకోదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. మన శరీరం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. కారణం లేకుండా దాని మీద కత్తి పెట్టించడం సరికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది 26.6 శాతం ఉండగా, ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. జనాభా స్థాయిలో ఆపరేషన్లు 10 శాతం దాటిన తర్వాత తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అదే ప్రకటనలో, అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందాలని కూడా నొక్కి చెప్పింది. కనుక కారణమేమిటని డాక్టరును మర్యాదగా అడగండి. మాయ అడ్డుగా ఉందా? బిడ్డ అడ్డం తిరిగిందా? పాత కోత వల్ల ప్రమాదమా? వ్యవధి ఉంటే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అవసరమని తేలాక సందేహం వదిలి సిద్ధపడండి.

తేదీ నిర్ణయించేది ఎవరు?

మన తెలుగునాట ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించడం వాడుకైపోయింది. విచారకరమైన విషయమేమిటంటే, ఈ గాలి మన ఇళ్లలోకి కూడా వీస్తోంది. కొందరు పొరుగువారిని చూసి ఘడియలు అడుగుతారు. కొందరు ‘తేరా తేజీ’ పేరిట సఫర్ నెలలోని మొదటి పదమూడు రోజులకు భయపడతారు. గ్రహణమని ఇంకొందరు జంకుతారు.

ఒక్క విషయం ఆలోచించండి. బిడ్డ ఇంకా గర్భంలో ఉండగానే దైవదూత వచ్చి ఆ బిడ్డ ఉపాధి, ఆయుష్షు, కర్మలు, అదృష్ట దురదృష్టాలు రాసి వెళతాడని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). డాక్టరు కత్తి పట్టుకోవడానికి ఎన్నో నెలల ముందే రాత పూర్తయిపోయింది. మరి ఉదయం తొమ్మిదికి బదులు పదకొండుకు కోస్తే ఆ రాత మారుతుందా? సఫర్ నెలలో ఎలాంటి అపశకునమూ లేదని ఆయన స్పష్టం చేశారు. ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీమ్ (రజి) మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం వచ్చిందని జనం అనుకున్నారు. ఎవరి పుట్టుకకూ చావుకూ గ్రహణాలు పట్టవని ఆయన ఆ దుఃఖ సమయంలోనే సరిదిద్దారు.

ఇది కేవలం మూఢనమ్మకం అని వదిలేసే విషయం కూడా కాదు. ఇందులో బిడ్డ ప్రాణం ముడిపడి ఉంది. వేరే ప్రమాదం ఏదీ లేకపోతే, ముందుగా నిర్ణయించే ఆపరేషన్‌ను 39 వారాలు నిండిన తర్వాతే చేయాలని వైద్యులు చెబుతారు. అంతకు ముందే బయటికి తీస్తే ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాక బిడ్డ ఊపిరికి కష్టపడవచ్చు. మంచి రోజు కోసం రెండు వారాలు ముందుకు జరిపితే బిడ్డ ఊపిరితో ఆడుకున్నట్లే. మాయ అడ్డుగా ఉన్నప్పుడు డాక్టరే తేదీని ముందుకు తెస్తారు. అలాంటి చోట సఫర్ పేరుతో వాయిదా వేస్తే తల్లి రక్తస్రావంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. కాబట్టి తేదీ నిర్ణయం వైద్యుడిది. శుభం అల్లాహ్ చేతిలోనిది. మన చేతిలో ఉన్నది దుఆ.

ముందు చేయవలసిన ఏర్పాట్లు

మొదటిది, డబ్బు. ఆపరేషన్ కోసం వడ్డీకి అప్పు తెచ్చి ఏళ్ల తరబడి తీర్చే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ కాన్పు పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఆపరేషన్ అయిన తల్లికి ఏడు రోజుల వరకు భోజనం, ఇంటికి చేర్చే వాహనం కూడా అందులోనే ఉన్నాయి. కోటబొమ్మాళి వారికి టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రి, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. హలాల్‌గా దొరికే సౌకర్యాన్ని నామోషీ అని వదిలేసి, నిషిద్ధమైన వడ్డీ ఊబిలో దిగడం ఎంతవరకు సబబు? స్తోమత ఉన్న బంధువులు వడ్డీ లేని అప్పు ‘ఖర్జె హసనా’ ఇచ్చి పుణ్యం కట్టుకోవాలి.

రెండోది, రక్తం. తొమ్మిదో నెల దాకా ఆగకుండా రక్తహీనత పరీక్ష చేయించి, ఐరన్ మాత్రలు క్రమం తప్పకుండా మింగించాలి. ఇంటి మగవారు తమ రక్తం గ్రూపు తెలుసుకుని, అవసరమైతే ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి.

మూడోది, దారి. తేదీకి ముందే నొప్పులు వచ్చినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా ఆ తేదీ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి బయలుదేరాలి. పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచండి.

నాలుగోది, శరీర శుభ్రత. ముందు రోజు సబ్బుతో స్నానం చేయాలి. కోత పడే చోట ఇంట్లో బ్లేడు వాడకూడదు. దానివల్ల పడే చిన్న గాట్లలోంచి చీము పట్టే ప్రమాదం ఉంది. ఎప్పటినుండి తినకూడదో, నీళ్లు ఎప్పటివరకు తాగవచ్చో డాక్టరు చెప్పినట్లు కచ్చితంగా పాటించాలి. “నీరసపడుతుంది” అని చాటుగా తినిపిస్తే మత్తు ఇచ్చే సమయంలో ప్రాణాపాయం కలుగుతుంది. నగలు తీసేయండి. తాయెత్తులూ నల్లదారాలూ ఉంటే అవీ తీసేయండి. రక్షణ వాటిలో లేదు, అల్లాహ్ వద్ద ఉంది.

ఐదోది, మనసు. సిగ్గు, పరదా గురించి మన సోదరీమణులు మథనపడతారు. లేడీ డాక్టరు దొరికితే మంచిదే. దొరకనప్పుడు, ప్రాణావసరంలో మగ డాక్టరు చికిత్స చేయడాన్ని షరీఅత్ అనుమతించింది. అవసరమైనంత మేరకే శరీరం కనబడేలా కప్పమని అడిగే హక్కు ఆమెకుంది. నడుముకు మత్తు ఇస్తే చాలావరకు తల్లి మెలకువగానే ఉంటుంది. ఆ సమయంలో పెదవులపై జిక్ర్ ఉంటే గుండె నిబ్బరపడుతుంది. వెళ్లేముందు బాకీలుంటే చెప్పి, అందరినీ క్షమాపణ అడగడం మంచి అలవాటు. ఇది చావు భయంతో చేసేది కాదు, విశ్వాసి రోజూ ఉండవలసిన తీరు ఇదే.

కాన్పు వల్ల మరణించిన స్త్రీకి షహీద్ హోదా ఉందని హదీసులో వచ్చింది (అబూదావూద్). ఆ శుభవార్త ఆమె కోసం. అది చూపించి మన నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చుకోలేము. వాహనం ఆలస్యం చేసినవారూ, రక్తం ఇవ్వనివారూ, తేదీ వాయిదా వేయించినవారూ రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసిందే.

ఇంటికి వచ్చిన తర్వాత

బిడ్డ పుట్టగానే అజాన్ వినిపిస్తాం, మిఠాయి పంచుతాం, ఏడో రోజు అఖీఖా చేస్తాం. మంచిదే. కానీ ఆ సందడిలో కడుపు మీద కుట్లతో పడుకున్న మనిషిని మరచిపోతున్నాం. తల్లి తన బిడ్డ కారణంగా నష్టపోకూడదని ఖుర్ఆన్ ఆదేశించింది. ఆమె తిండి, బట్ట బాధ్యతను తండ్రిపై ఉంచింది (2:233). బాలింత సేవ దయాదాక్షిణ్యం కాదు, ఆమె హక్కు.

పథ్యం పేరుతో మన ఇళ్లలో జరిగేది చూడండి. నీళ్లు తాగితే కుట్లు నానుతాయని గుటకలు లెక్కపెడతారు. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందంటారు. నిజానికి గాయం మానడానికి శరీరానికి కావలసింది పప్పు, గుడ్డు, పాలు, చేప, మాంసం వంటి ఆహారమే. పాలు పడాలన్నా, మలబద్ధకం లేకుండా ఉండాలన్నా నీళ్లు, కూరగాయలు, పండ్లు కావాలి. హజ్రత్ మర్యమ్ (అలై)కు అల్లాహ్ ఏర్పాటు చేసినది నీరు, తాజా పండ్లు. తినమని, తాగమని, కళ్లు చల్లబరచుకోమని ఆమెకు ఆదేశించాడు. మన బాలింతకు ఆ రెండూ ఎందుకు నిషేధించాలి?

బిడ్డకు తొలి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. ఆపరేషన్ అయిన తల్లి కూడా ఒకరి సాయంతో పక్కకు తిరిగి పట్టగలదు. డాక్టరిచ్చే నొప్పి మాత్రలు చాలావరకు పాలకు హాని చేయవు. పాలకు భయపడి నొప్పిని ఓర్చుకోనవసరం లేదు, అడిగి వేసుకుంటే చాలు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని వైద్యులు చెబుతారు. తహ్నీక్ సున్నత్ పాటించదలచినవారు డాక్టరును అడిగి, శుభ్రమైన వేలితో ఖర్జూరం రుచి తగిలించడం వరకే ఉంచుకోవాలి. తేనె స్వస్థత గలదే అయినా, ఏడాదిలోపు బిడ్డకు అది ప్రమాదకరం కావచ్చు కనుక నాకించకూడదు.

తల్లిని డాక్టరు చెప్పిన వెంటనే, సాధారణంగా మొదటి రోజులోనే, మెల్లగా లేపి నడిపించాలి. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. దగ్గేటప్పుడు కోత మీద దిండు అదిమిపెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. ఆరు వారాలపాటు బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తకూడదు. బిందెలు, బియ్యం బస్తాలు, తడిబట్టల బకెట్లు మగవారే మోయాలి. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఆ సున్నత్‌ను ఆచరించడానికి ఇంతకంటే మంచి సమయం ఏముంది?

కోత మీద పసుపు, నూనె, బూడిద ఏదీ రాయకూడదు. జ్వరం, కోత నుండి చీము లేక దుర్వాసన, గంటకో గుడ్డ తడిసేంత రక్తస్రావం, పిక్కలో వాపు నొప్పి, ఆయాసం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్ - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. ఊదించడానికి తిప్పవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి కొద్ది రోజులు తల్లికి కారణం లేకుండా ఏడుపు రావడం సహజం. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోయినా, తనకో బిడ్డకో హాని చేసుకోవాలనే తలంపు వచ్చినా అది జబ్బు. అది షైతాను పట్టడమో ఈమాన్ తగ్గడమో కాదు. డాక్టరుకు చూపించాలి.

నమాజు, పరిశుద్ధత

ఆపరేషన్ కాన్పు అయినా, గర్భాశయం నుండి మామూలు దారిన వచ్చే రక్తం నిఫాసే. ఆ రోజుల్లో నమాజు మాఫీ. ఉపవాసాలు తర్వాత పూర్తి చేసుకోవాలి. కోత నుండి కారే రక్తం మాత్రం గాయపు రక్తమే, నిఫాస్ కాదు. నిఫాస్‌కు గరిష్ట గడువు నలభై రోజులు. కనిష్ఠ గడువు లేదు. ముందే ఆగిపోతే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. నలభై నిండాలని కూర్చోకూడదు. నలభై దాటాక కూడా ఆగకపోతే డాక్టరుకు చూపించడంతో పాటు తెలిసిన ఆలిమ్‌ను అడగాలి.

గుస్ల్ వల్ల కోతకు హాని కలుగుతుందని డాక్టరు చెబితే కట్టు మీద తడిచేత్తో మసహ్ చేయవచ్చు. స్నానమే ప్రమాదమైతే తయమ్ముమ్ ఉంది. ఒక ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి గుస్ల్ అవసరం కలిగింది. తయమ్ముమ్ చేయవచ్చా అని అడిగితే సహచరులు వీల్లేదన్నారు. అతను స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా బాధపడి, వారే అతన్ని చంపారనీ, తెలియనప్పుడు అడిగి ఉండవలసిందనీ అన్నారు (అబూదావూద్). తెలియకుండా ఫత్వా ఇచ్చే ప్రతి నోరూ ఈ హదీసును గుర్తుంచుకోవాలి. వంగలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని సైగలతో నమాజు చేయవచ్చు.

బాలింతను అంటు పేరుతో వేరుగా ఉంచడం, ఆమె కంచం వేరు చేయడం ఇస్లాం నేర్పినది కాదు. ఆమె చేయి పవిత్రమైనదే. ఆమె జిక్ర్, దుఆ నిరాటంకంగా చేసుకోవచ్చు.

మళ్లీ కాన్పు

కోత పడిన గర్భాశయం కుదుటపడటానికి సమయం కావాలి. కాన్పు తర్వాత మరో గర్భానికి కనీసం రెండేళ్ల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పాలిచ్చే గడువు పూర్తిగా రెండేళ్లని ఖుర్ఆన్ తెలిపింది. ఆ రెండేళ్లు తల్లికి విశ్రాంతిగా, బిడ్డకు హక్కుగా మిగలనివ్వండి. ఎడం కోసం ఏ పద్ధతి తగినదో భార్యాభర్తలిద్దరూ డాక్టరు దగ్గర మాట్లాడుకోవాలి. ఆడపిల్ల పుట్టిందని వెంటనే మరో కాన్పుకు తొందరపెట్టడం ఆ తల్లికీ, అల్లాహ్ కానుక అయిన ఆ బిడ్డకూ చేసే అన్యాయం.

సోదర సోదరీమణులారా! మళ్లీ ఆ కోటబొమ్మాళి ఇంటికి వెళదాం. అత్తగారు లేచి కోడలి పక్కన కూర్చుని, “భయపడకమ్మా, అల్లాహ్ ఉన్నాడు, మేమూ ఉన్నాం” అంటే ఎంత బాగుంటుంది! భర్త రిపోర్టుల సంచి సర్ది, రక్తం గ్రూపు పరీక్షకు వెళితే ఎంత బాగుంటుంది! ఒంటెను కట్టడమంటే ఇదే. ఆ పైన చేతులెత్తి అడుగుదాం.

ఓ అల్లాహ్! మా తల్లుల, భార్యల, కోడళ్ల, కూతుళ్ల కాన్పులు సులభం చెయ్యి. వారి గాయాలు మాన్పు. వారికి వైద్యం చేసే చేతులకు నేర్పు ప్రసాదించు. వారికి సేవ చేసే మనసులు మాకు ప్రసాదించు. మా సంతానాన్ని నీ విధేయులుగా చెయ్యి. ఆమీన్.